లంచ్‌లో అమెరికాను తిట్టే జర్మన్లు ఆదివారం రాత్రి ఎన్‌ఎఫ్‌ఎల్ ఎందుకు చూస్తారు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: మ్యూనిక్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరారు. భోజనాల దగ్గర అమెరికా రాజకీయాలను, తిండిని, తుపాకులను ఏకిపారేసే కొలీగ్స్ సోమవారం పొద్దున మాత్రం ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) మ్యాచ్‌ల గురించి తప్ప మాట్లాడరు. ఆఫీసు పార్టీలో ‘కంట్రీ రోడ్స్’ అనే అమెరికన్ పాట మొదలవగానే అందరూ గొంతు కలుపుతారు. ఇది నటనా, ఫ్యాషనా, లేక నిజంగానే వీళ్లకు అమెరికా అంటే ఇష్టమా అని అడిగారు.

నటన కాదు. అలాగని అమెరికా మీద ప్రేమ అని కూడా అనలేం. నేను ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన చాలా ఏళ్లుగా ఉంటున్నాను, మా పిల్లలు ఇక్కడి బాస్కెట్‌బాల్ క్లబ్బులోనే పెరిగారు. నాకు అర్థమైనంతలో, జర్మన్లు తమ దగ్గర లేనివాటినే అమెరికా నుంచి తెచ్చుకున్నారు. తమకు సొంతంగా, గట్టిగా ఉన్న చోట అమెరికా పద్ధతి తలదూర్చబోతే ఈలలు వేసి వెళ్లగొడతారు. ఆ రెండో సంగతికి తర్వాత వస్తాను. ముందు మ్యాప్ చూడాలి.

1945లో ఓడిన జర్మనీని నాలుగు దేశాలు పంచుకున్నప్పుడు అమెరికన్ల వాటాకు బవేరియా, హెస్సె, వుర్టెంబర్గ్, బాడెన్‌ల ఉత్తర భాగాలు, ఓడరేవు కోసం బ్రేమెన్, బెర్లిన్‌లో ఒక భాగం వచ్చాయి. కోల్డ్ వార్ నడిచినన్నాళ్లూ సుమారు రెండున్నర లక్షల మంది అమెరికన్ సైనికులు పశ్చిమ జర్మనీలో ఉండేవారు, వాళ్ల కుటుంబాలు అదనం. ఇప్పుడు ఈ ఊళ్ల పేర్లు చూడండి. బాస్కెట్‌బాల్ అంటే బాంబెర్గ్, వుర్జ్‌బర్గ్, గీసెన్. అమెరికన్ ఫుట్‌బాల్ తొలి రోజుల్లో ఫ్రాంక్‌ఫర్ట్, ఆన్స్‌బాహ్. బేస్‌బాల్‌కు రేగెన్స్‌బర్గ్, మాన్‌హైమ్, హైడెన్‌హైమ్. జర్మన్ ర్యాప్ మొదట్లో హైడెల్‌బర్గ్, స్టుట్‌గార్ట్. అన్నీ పాత అమెరికన్ జోన్‌లోవే. హాంబర్గ్, డ్యూసెల్‌డార్ఫ్ లాంటి మినహాయింపులు లేకపోలేదు, కానీ దేశం మొత్తం ఒక్కసారిగా మోజుపడింది అనుకుంటే పొరపాటు. కంటోన్మెంటు గోడ పక్కన పెరిగిన పిల్లలతో ఇది మొదలైంది.

1946 నుంచి అమెరికన్ సైన్యం జర్మన్ పిల్లల కోసం ఒక యువజన కార్యక్రమం నడిపింది. నాజీ యువజన సంఘాల్లో పెరిగిన పిల్లలకు బేస్‌బాల్, బాస్కెట్‌బాల్ నేర్పేవారు, సినిమాలు చూపించేవారు. ప్రజాస్వామ్యం నేర్పడం అధికారుల లెక్క. బొగ్గుకు కూడా కరువైన చలికాలంలో వెచ్చటి గది, తినడానికి ఏదైనా దొరకడం పిల్లల లెక్క. (2015 తర్వాత వచ్చిన అఫ్గాన్ కుర్రాళ్లు ఇదే దేశపు పార్కుల్లోకి క్రికెట్ తెచ్చారు. ఇప్పుడు వాళ్ల జట్లలో మన తెలుగు స్టూడెంట్లు కూడా కనిపిస్తారు. బయటి నుంచి వచ్చినవాళ్లు ఏ ఆట ఆడితే ఆ ఆట అక్కడ వేళ్లూనుకుంటుంది.)

ఆటల కంటే దూరం వెళ్లింది రేడియో. అమెరికన్ సైనికుల కోసం పెట్టిన ఏఎఫ్‌ఎన్ 1945 వేసవిలోనే మ్యూనిక్, ఫ్రాంక్‌ఫర్ట్, బెర్లిన్‌ల నుంచి మొదలైంది. ఫ్రాంక్‌ఫర్ట్ స్టేషన్ హోఖ్‌స్ట్‌లోని పాత కోటలో ఉండేది. అది జర్మన్ల కోసం పెట్టినది కాదు, అదే దాని బలం. వీళ్లకు ఏం నేర్పాలి, వీళ్లను ఎలా మార్చాలి అనే ఆలోచన ఆ ప్రోగ్రాముల్లో లేదు. సైనికుడికి వినాలనిపించింది వేసేవారు, పక్కింటి జర్మన్ కుర్రాడు చాటుగా వినేవాడు. జర్మన్ స్టేషన్లలో ఇంకా ఆపరెట్టాలు, పెద్దలకు నచ్చే నెమ్మది పాటలు నడుస్తున్న కాలం అది. ఆ స్టేషన్ అందని చోట ఉన్నవాళ్ల బాధ ఎంతటిదంటే, 1977లో హాంబర్గ్ ప్రాంతపు ట్రక్ స్టాప్ అనే బ్యాండ్ దాని మీదే పాట కట్టింది. రాత్రి దారిలో ఉన్న మనిషికి అమెరికన్ కంట్రీ గాయకుడు డేవ్ డడ్లీ పాట వినాలని ఉంటుంది, కానీ ఏఎఫ్‌ఎన్ ఆ దూరానికి అందదు. ఉత్తరాన ఉన్నది బ్రిటిష్ జోన్ కదా! జర్మన్ భాషలో కంట్రీ మ్యూజిక్ ఇంటింటికీ చేరింది ఆ పాటతోనే.

అయితే సైనికులు రాకముందే ఇక్కడ జాజ్ ఉంది, ఇది చాలామందికి తెలియదు. 1928లోనే ఫ్రాంక్‌ఫర్ట్ హోఖ్ కన్సర్వేటరీలో జాజ్ క్లాసు పెట్టారు. 1935లో నాజీ ప్రభుత్వం నల్లవాళ్ల సంగీతమని రేడియోలో జాజ్‌ను నిషేధించింది. నిషేధించిన కొద్దీ కొందరు కుర్రాళ్లకు పట్టుదల పెరిగింది. హాంబర్గ్‌లో పొడుగు జుట్టు, ఇంగ్లిష్ కోట్లు వేసుకుని స్వింగ్ డాన్స్ చేసే పిల్లలుండేవారు. వాళ్ల నాయకులను కాన్సంట్రేషన్ క్యాంపుల్లో పెట్టమని 1942 జనవరిలో నాజీ పోలీసు అధినేత హిమ్లర్ ఉత్తరం రాశాడు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1941లో హాట్ క్లబ్ అని ఒక గుంపు ఏర్పడింది. అందులో అకార్డియన్ వాయించే ఎమిల్ మాంగెల్స్‌డార్ఫ్‌ను నాజీల రహస్య పోలీసు గెస్టపో పట్టుకుంది, తర్వాత రష్యా వైపు యుద్ధానికి పంపారు. సోవియట్ ఖైదు నుంచి 1949లో తిరిగొచ్చి మళ్లీ వాయించడం మొదలుపెట్టాడు, తొంభై దాటాక కూడా ఫ్రాంక్‌ఫర్ట్‌లో కచేరీలు చేశాడు. ఆయన తమ్ముడు ఆల్బర్ట్ ట్రాంబోన్‌లో ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు.

అందుకే యుద్ధం అయ్యాక జాజ్ వినడం ఇక్కడ ఒక పక్షం తీసుకోవడంతో సమానం. ఇంకో కారణం కూడా ఉంది, నా దృష్టిలో అసలుది ఇదే. నలుగురూ కలిసి పాడుకునే పాటలను నాజీలు పూర్తిగా వాడేసుకున్నారు. మార్చింగ్ పాటలు, యువజన సంఘాల పాటలు, కొండలెక్కుతూ పాడే జానపదాలు, అన్నిటికీ ఆ మరక అంటుకుంది. 1950ల్లో పెరిగిన పిల్లలకు తండ్రి తరం పాటలు పాడాలంటే నోరు రాలేదు. మనకు దేశభక్తి గీతం పాడటానికి సిగ్గు ఎందుకో ఊహకు కూడా అందదు, వీళ్లకు అది నిన్నమొన్నటి వరకూ ఉంది. ఆ ఖాళీలోకి వచ్చి కూర్చున్నదే అమెరికన్ పాట. మీ ఆఫీసు పార్టీలో అందరూ ఏ సంకోచమూ లేకుండా కలిసి అరవగలిగే పాట ‘కంట్రీ రోడ్స్’ కావడం ఆశ్చర్యం కాదు. అందులో వాళ్ల చరిత్ర లేదు. ఆ పాటను ఇక్కడి బీరు టెంట్లలోకి తెచ్చింది కూడా అమెరికన్లు కాదు, 2001లో ఒక డచ్ బ్యాండ్ చేసిన హుషారు వెర్షన్. తమాషా ఏంటంటే అసలు పాడిన జాన్ డెన్వర్ ఇంటిపేరు డ్యూచెన్‌డార్ఫ్, జర్మన్ మూలాల కుటుంబమే.

రాక్ స్టార్ ఎల్విస్ ప్రెస్లీ ఇక్కడ సైనికుడిగా పనిచేసిన సంగతి మీరు వినే ఉంటారు. 1958 అక్టోబర్ 1న బ్రేమర్‌హాఫెన్‌లో ఓడ దిగాడు, ఫ్రీడ్‌బెర్గ్ బ్యారక్స్‌లో డ్యూటీ, పక్కనే బాడ్ నౌహైమ్‌లో అద్దె ఇల్లు, 1960 మార్చిలో వెనక్కి. ఇప్పటికీ ఏటా ఆగస్టులో బాడ్ నౌహైమ్‌లో ఆయన పేరిట ఉత్సవం జరుగుతుంది. నిజం చెప్పాలంటే దానికి ఇచ్చే ప్రాముఖ్యం కాస్త ఎక్కువే. ఎల్విస్ ఇక్కడ ఒక్క పబ్లిక్ కచేరీ కూడా చేయలేదు. 1958లో కుర్రాళ్లను నిజంగా కదిలించింది బిల్ హేలీ. బెర్లిన్ స్పోర్ట్‌పాలస్ట్‌లో ఆయన కచేరీ కుర్చీలు విరగ్గొట్టే గొడవగా ముగిసింది. పేపర్లు ఆ తరాన్ని రౌడీలన్నాయి.

నన్నడిగితే జర్మన్ల అసలు ఘనత వేరే ఉంది. హోర్స్ట్ లిప్‌మన్, ఫ్రిట్జ్ రౌ అనే ఇద్దరు నిర్వాహకులు 1962లో అమెరికన్ ఫోక్ బ్లూస్ ఫెస్టివల్ అని ఒక టూర్ మొదలుపెట్టారు. లిప్‌మన్ పాత హాట్ క్లబ్ మనిషే. షికాగో నుంచి విల్లీ డిక్సన్ సాయంతో బ్లూస్ గాయకులను తెచ్చి, తర్వాతి సంవత్సరాల్లో మడ్డీ వాటర్స్, హౌలిన్ వుల్ఫ్ లాంటివాళ్లను కూడా యూరప్ అంతా తిప్పారు. సొంత దేశంలో చిన్న బార్లలో పాడుకునే నల్లజాతి కళాకారులు ఇక్కడ ఒపేరా హాళ్ల లాంటి చోట్ల, టై కట్టుకుని నిశ్శబ్దంగా కూర్చున్న జనం ముందు పాడారు. బాడెన్-బాడెన్ టీవీ వాళ్లు వాటిని చిత్రీకరించి పెట్టారు కాబట్టి ఆ ప్రదర్శనలు ఇవాళ మనం చూడగలుగుతున్నాం. 1962లో ఆ టూర్ మాంచెస్టర్ వెళ్లినప్పుడు హాల్లో కూర్చున్న కుర్రాళ్లలో రోలింగ్ స్టోన్స్ బ్యాండ్ మిక్ జాగర్, కీత్ రిచర్డ్స్ ఉన్నారు. అంటే అమెరికన్ బ్లూస్ ఇంగ్లండ్ మీదుగా రాక్‌గా మారి మళ్లీ అమెరికాకు వెళ్లిన దారిలో ఫ్రాంక్‌ఫర్ట్ ఒక మజిలీ. అమెరికన్లు తమ దగ్గర పట్టించుకోనిదాన్ని జర్మన్లు పట్టుబట్టి వినడం కొత్త కాదు. జాజ్ రికార్డుల కంపెనీ బ్లూ నోట్ రికార్డ్స్‌ను 1939లో న్యూయార్క్‌లో పెట్టిన ఆల్ఫ్రెడ్ లయన్, కొద్ది నెలల్లోనే అందులో చేరిన ఫ్రాన్సిస్ వుల్ఫ్ ఇద్దరూ నాజీల వల్ల బెర్లిన్ వదిలిన యూదులే.

మీ కొలీగ్స్‌లో కనిపించే వైరుధ్యం కూడా పాతదే. 1968 తరం విద్యార్థులు వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా రోడ్డెక్కినప్పుడు వాళ్ల నిరసన పద్ధతులు, సిట్-ఇన్‌లు, జీన్స్, పాటలు అన్నీ అమెరికావే. 2003 ఫిబ్రవరి 15న ఇరాక్ యుద్ధానికి వ్యతిరేకంగా బెర్లిన్‌లో సుమారు ఐదు లక్షల మంది కదిలారు. ఆ గుంపులోనూ బేస్‌బాల్ టోపీలు ఉండే ఉంటాయి. ప్రభుత్వం వేరు, పాట వేరు అని విడదీసి చూడటం వీళ్లకు అలవాటైపోయింది.

తూర్పు జర్మనీలో కథ ఇంకా తీవ్రం. 1958 నుంచి అక్కడ డాన్స్ హాళ్లలో, రేడియోలో నూటికి అరవై పాటలు సోషలిస్టు దేశాలవే ఉండాలని నిబంధన. మిగిలిన నలభైతోనే జనం బతికారు. పశ్చిమ బెర్లిన్‌లో అమెరికన్లు పెట్టిన రియాస్ రేడియో స్టేషన్ మాత్రం సరిహద్దు దాటి వినిపించేది. ప్రభుత్వానికీ తిప్పలే. నల్లజాతి కళను అణగారినవాళ్ల గొంతుగా ఒప్పుకోవాలి, కుర్రాళ్లను మాత్రం అమెరికా వైపు పోనివ్వకూడదు. అందుకే 1965లో నల్లజాతి జాజ్ కళాకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను పిలిచారు, అదే ఏడాది లైప్‌జిగ్‌లో బీట్ బ్యాండ్ల కుర్రాళ్ల మీదకు పోలీసులను వదిలారు. 1988 జులై 19న తూర్పు బెర్లిన్ వైసెన్‌సేలో అమెరికన్ రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ పాడినప్పుడు లక్షన్నరకు పైగా జనం వచ్చారు. అడ్డుగోడలన్నీ ఏదో ఒకరోజు కూలాలని ఆయన వేదిక మీద జర్మన్‌లోనే అన్నాడు. దానివల్లే బెర్లిన్ గోడ కూలిందని కొందరు రాస్తారు, అంత తేలిక కాదు. అమెరికన్ టీవీ నటుడు డేవిడ్ హాసెల్‌హాఫ్ పేరు ఎత్తితే మాత్రం మీ కొలీగ్స్ నవ్వుతారు. 1989లో ఆయన పాట ఎనిమిది వారాలు ఇక్కడ నంబర్ వన్‌గా ఉంది. కానీ ఆ పాట చేసింది జర్మన్ నిర్మాతే, పదేళ్ల ముందు ఇక్కడే వేరే గాయకుడితో వచ్చినదే. అమెరికన్ ముఖంతో వచ్చిన సొంత సరుకు.

ర్యాప్ గురించి ఒక్క మాట చెప్పి ఆటల్లోకి వెళ్తాను. అప్పట్లో అమెరికన్ సైన్యపు యూరప్ ప్రధాన కార్యాలయం ఉన్న హైడెల్‌బర్గ్‌లో అడ్వాన్స్‌డ్ కెమిస్ట్రీ అనే బృందం ఏర్పడింది, హైతీ, ఇటలీ, ఘనా మూలాలున్న కుర్రాళ్లు. చేతిలో జర్మన్ పాస్‌పోర్ట్ ఉన్నా ప్రతివాడూ ‘ఎక్కడి నుంచి వచ్చావ్’ అని అడుగుతాడనే కోపంతో 1992లో జర్మన్ భాషలోనే ర్యాప్ చేశారు. మన పిల్లలు ఇక్కడ పుట్టి పెరిగితే వాళ్లకూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది, కాబట్టి నాకు ఆ పాట దగ్గరగా అనిపిస్తుంది. టెక్నో అనే ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతానిది మాత్రం రెండు వైపుల రాకపోకలు. డ్యూసెల్‌డార్ఫ్ బ్యాండ్ క్రాఫ్ట్‌వెర్క్ నుంచి అమెరికాలోని డెట్రాయిట్ నేర్చుకుంది, 1991లో బెర్లిన్‌లో తెరిచిన ట్రెజర్ క్లబ్‌కు డెట్రాయిట్ నుంచి కళాకారులు వచ్చారు.

ఇక అమెరికన్ ఫుట్‌బాల్. 1977లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో మొదటి జట్టు ‘లోవెన్’ పుట్టింది, 1979లో లీగ్ మొదలైంది, తొలి ఫైనల్లో వాళ్లే ఆన్స్‌బాహ్‌ను ఓడించారు. 1991 నుంచి, మధ్యలో రెండేళ్లు తప్ప, ఎన్‌ఎఫ్‌ఎల్ అండతో యూరప్‌లో లీగ్ నడిచింది. లండన్, బార్సిలోనా లాంటి చోట్ల జట్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి, ఇక్కడ మాత్రం నిలిచాయి. 2007 ఆఖరి సీజన్‌లో ఆరు జట్లలో ఐదు జర్మనీవే, ఆరోది ఆమ్‌స్టర్‌డామ్. నష్టాలని అమెరికన్లు దాన్ని ఆపేశారు. అప్పటికే ఒక తరం స్టేడియం బయట కార్ పార్కింగ్‌లో గ్రిల్ పెట్టుకుని మధ్యాహ్నమంతా గడపడం అలవాటు చేసుకుంది. సాసేజ్, బీరు, గ్రిల్ అంటే జర్మన్లకు ఎవరో నేర్పాలా?

తర్వాత చాలా ఏళ్లు ఇది చిన్న గుంపుల వ్యవహారం. మళ్లీ ఊపు వచ్చింది 2015లో, ప్రోజీబెన్ మాక్స్ అనే ఫ్రీ చానల్ ప్రతి ఆదివారం రెండు మ్యాచ్‌లు చూపించడం మొదలుపెట్టాక. కామెంటరీలో ఫ్రాంక్ బుష్‌మన్, కోచ్ పాట్రిక్ ఎజుమే లాంటివాళ్లు జోకులేస్తూ రూల్స్ చెప్పేవారు. ఆటలో ఆగే సమయమే ఎక్కువ కదా, ఆ ఖాళీలో పాఠం చెప్పేశారు. అన్నిటికన్నా పెద్ద కారణం గడియారం. అమెరికా తూర్పు తీరంలో ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట మ్యాచ్ ఇక్కడ సాయంత్రం ఏడింటికి. జర్మనీలో ఆదివారం షాపులు మూత, బయట చలి, చీకటి, మర్నాడు ఆఫీసు. టీవీలో ఇంకో ఆప్షన్ 1970 నుంచి నడుస్తున్న డిటెక్టివ్ సీరియల్. ఆ సమయంలోనే ఎన్‌ఎఫ్‌ఎల్ వచ్చి పడింది. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ మ్యాచ్‌లు చాలావరకు అర్ధరాత్రి దాటాక వస్తాయి, అందుకే దానికి ఇంత ఊపు లేదు. ఇదే మ్యాచ్ చలికాలంలో హైదరాబాద్‌లో రాత్రి పదకొండున్నరకు మొదలవుతుంది. మనకు అంటుకోకపోవడానికి క్రికెట్ ఒక్కటే కారణం కాదు.

2022 నవంబర్ 13న మీ మ్యూనిక్‌లోనే, అలియాంజ్ అరీనాలో, జర్మనీలో మొదటి ఎన్‌ఎఫ్‌ఎల్ లీగ్ మ్యాచ్ జరిగింది. టాంపా బే 21, సియాటిల్ 16. దాదాపు 70 వేల మంది. చివరి క్వార్టర్లో ఆట ఆగిన కాసేపట్లో స్టేడియం మొత్తం ‘కంట్రీ రోడ్స్’ పాడింది, మ్యూజిక్ ఆపేసినా జనం ఆపలేదు. కొత్తవాళ్లకు ఒక సంగతి వింతగా తోస్తుంది: స్టేడియంలో 32 జట్ల జెర్సీలూ కనిపిస్తాయి, ఆడుతున్నది రెండే జట్లయినా. కొట్లాట లేదు, పోలీసు వలయం లేదు. మామూలు ఫుట్‌బాల్‌లో పక్క ఊరి జట్టు షర్ట్ వేసుకుని నడవలేని మనుషులు ఇక్కడ హాయిగా కలిసి తాగుతారు. పుట్టుకతో రాని అభిమానం కాబట్టి పగ కూడా లేదు. ఆ తర్వాత 2023లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో రెండు, 2024లో మళ్లీ మ్యూనిక్‌లో, 2025లో బెర్లిన్‌లో మ్యాచ్‌లు జరిగాయి.

బాస్కెట్‌బాల్ కథ నాకు ఎక్కువ ఇష్టం, ఎందుకంటే పాటా ఆటా అందులో కలుస్తాయి. ఎర్నీ బట్లర్ అనే నల్లజాతి అమెరికన్ ఇక్కడే స్థిరపడ్డాడు. బాస్కెట్‌బాల్ ఆటగాడు, జాజ్ సాక్సఫోన్ కళాకారుడు. ఆయన ప్రభావంలో పెరిగినవాడు హోల్గర్ గెష్విండ్నర్, 1972 ఒలింపిక్స్‌లో పశ్చిమ జర్మనీ కెప్టెన్. ఆ గెష్విండ్నరే 1990ల్లో వుర్జ్‌బర్గ్ కుర్రాడు డిర్క్ నోవిట్జ్‌కీని చేరదీశాడు. జిమ్‌లో బరువులెత్తించే మామూలు కోచింగ్ కాదు. పుస్తకాలు చదివించాడు, సాక్సఫోన్ నేర్చుకోమన్నాడు, లయతో కదలమన్నాడు, షాట్ కోణాన్ని లెక్కలు వేసి నిర్ణయించాడు. ఆ ఒంటికాలి మీద వెనక్కి వాలి వేసే షాట్‌తో నోవిట్జ్‌కీ ఎన్‌బీఏలో డల్లాస్‌కు 21 సీజన్లు ఆడాడు, 2011లో టైటిల్ గెలిపించాడు.

2023 సెప్టెంబర్‌లో మనీలాలో జర్మనీ జట్టు సెమీఫైనల్లో అమెరికానే 113-111తో ఓడించి, ఫైనల్లో సెర్బియాను 83-77తో గెలిచి ప్రపంచ చాంపియన్ అయింది. సరిగ్గా అదే వారాంతంలో దేశపు ఫుట్‌బాల్ జట్టు సొంతగడ్డ మీద జపాన్ చేతిలో 1-4తో ఓడింది, కోచ్ హాన్సీ ఫ్లిక్‌ను తీసేశారు. మర్నాడు చాలా పేపర్లలో పెద్ద అక్షరాలు ఫ్లిక్‌కే. మా క్లబ్బు పేరెంట్స్ గ్రూపులో వారం పాటు దీని మీదే గొణుగుడు. 2025లో యూరప్ టైటిల్ కూడా గెలిచారు.

ఇక మొదట్లో చెప్తానన్న రెండో సంగతి. 2017 మే 27న బెర్లిన్‌లో మామూలు ఫుట్‌బాల్ జర్మన్ కప్ ఫైనల్. ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్ సూపర్ బౌల్ తరహాలో విరామంలో హెలెనే ఫిషర్ పాట పెట్టారు. ఆమె ఇక్కడ అతి పెద్ద స్టార్. స్టేడియం మొత్తం ఈలలు, కేకలు, ఆమె గొంతు వినపడలేదు. కోపం ఆమె మీద కాదు, తమ ఆటను షోగా మార్చడం మీద. 2024 మొదట్లో జర్మన్ ఫుట్‌బాల్ లీగ్ ప్రసార హక్కుల్లో ఇన్వెస్టర్లకు వాటా ఇస్తామంటే వారాల తరబడి అభిమానులు మైదానంలోకి టెన్నిస్ బంతులు విసిరి మ్యాచ్‌లు ఆపారు. ఫిబ్రవరిలో లీగ్ వెనక్కి తగ్గింది. ఇక్కడ క్లబ్బు ఓట్లలో మెజారిటీ సభ్యులదే ఉండాలని రూల్, ఒకటి రెండు మినహాయింపులు తప్ప. అదే మనిషి ఫిబ్రవరిలో సూపర్ బౌల్ విరామ షో కోసం రాత్రంతా మేలుకుంటాడు, జట్టును ఒక ఓనర్ ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎత్తుకుపోయే లీగ్‌ను ఆనందంగా చూస్తాడు. అది వాళ్ల ఇంటి వ్యవహారం కాదు కాబట్టి. బేస్‌బాల్ ఇక్కడ పెరగలేదంటే, వేసవి సాయంత్రాలు ఖాళీగా లేవు, టీవీలో రాలేదు, అంతే.

కాబట్టి మీ కొలీగ్‌ను ‘అమెరికాను తిడుతూ అమెరికా ఆట చూస్తావేంటి’ అని అడగకండి. ఆ ప్రశ్నే అతనికి అర్థం కాదు. ఏ జట్టు, ఎందుకు ఆ జట్టే అని అడగండి, గంట మాట్లాడతాడు. సాధారణంగా ఒక వీడియో గేమ్, ఒక ఆటగాడు, లేదా ఎక్స్చేంజ్ స్టూడెంట్‌గా గడిపిన ఒక ఏడాది కారణంగా తేలుతుంది. ఆట చూడాలనుంటే పెద్ద మ్యాచ్ టికెట్ల కోసం పాకులాడకుండా వేసవిలో స్థానిక జట్టు మ్యాచ్‌కు వెళ్లండి, టికెట్ దొరుకుతుంది, గ్రిల్ దగ్గర కూర్చుంటే రూల్స్ వాళ్లే చెప్తారు. శాకాహారులైతే తినడానికి ముందే ఏదైనా పట్టుకెళ్లండి. ఫ్రాంక్‌ఫర్ట్ వస్తే 1952 నుంచి నడుస్తున్న జాజ్‌కెల్లర్‌లో ఒక సాయంత్రం గడపండి. ఇంకొకటి: సూపర్ బౌల్ ఇక్కడ ఆదివారం అర్ధరాత్రి దాటాక పన్నెండున్నరకు మొదలై తెల్లవారుజామున నాలుగు దాటాక అవుతుంది. మీ టీమ్‌లో సగం మంది ఆ సోమవారానికి సెలవు ఎప్పుడో పెట్టేసి ఉంటారు, రిలీజ్ ప్లాన్ చేసేది మీరైతే మంగళవారానికి పెట్టుకోండి.